రంగులు సరిగ్గానే కలిపాను, అయినా డీకోడర్ కాలిపోయింది

ప్రశ్న: నా దగ్గర డీకోడర్ గుచ్చే సాకెట్ లేని పాత హెచ్‌ఓ స్కేలు (అసలులో 87వ వంతు) మోడల్ రైలు డీజిల్ ఇంజిన్ ఉంది. దానికి డీసీసీ (పట్టాల గుండా డిజిటల్ సంకేతాలు పంపి రైళ్లను నడిపే పద్ధతి) డీకోడర్, అంటే ఆ సంకేతాలను చదివి మోటారును నడిపే చిన్న సర్క్యూట్, అమర్చాను. ఎరుపు, నలుపు వైర్లు చక్రాల వైపు, నారింజ, బూడిద రంగు వైర్లు మోటారుకు, సూచనల కాగితంలో ఉన్నట్లే కలిపాను. పట్టాల మీద పెట్టగానే సన్నగా పొగ వచ్చింది. రెండో డీకోడర్ కొన్నాను కానీ, దాన్ని ముట్టుకోవాలంటే భయంగా ఉంది. తప్పు ఎక్కడ జరిగింది?

జవాబు: మీ రంగుల మీద నాకు అనుమానం లేదు. నా అనుమానమంతా మోటారు అడుగున ఉంది.

పాత ఇంజిన్లలో చాలావాటికి ఇనుప చట్రమే ఒక వైరు. ఒక పట్టా నుంచి వచ్చిన విద్యుత్తు చక్రాల మీదుగా చట్రంలోకి, అక్కడి నుంచి మోటారు కింది బ్రష్‌కు (మోటారు లోపలికి కరెంటు అందించే ముక్కకు) చేరుతుంది. పట్టాల విద్యుత్తు నేరుగా మోటారుకు వెళ్లే మామూలు డీసీలో దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. డీసీసీలో మాత్రం మోటారుకు విద్యుత్తు డీకోడర్ ద్వారా తప్ప మరో దారిలో అందకూడదు. బ్రష్ ఇంకా చట్రాన్ని తాకుతూ ఉంటే, పట్టాల మీది పద్నాలుగు, పదిహేను వోల్టులు డీకోడర్‌లోకి వెనక దారిన, మోటారును నడిపే ట్రాన్సిస్టర్ల మీదికే వస్తాయి. మీరు చూసిన పొగ వాటిదే. నేను ఇలాగే కాల్చిన డీకోడర్ ఒకటి ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. పని తొందరగా ముగించాలనిపించినప్పుడు తీసి చూసుకుంటాను.

కొత్త డీకోడర్‌ను డబ్బాలోనే ఉంచి ముందు మల్టీమీటర్ తీసి, రెండు చోట్ల మధ్య కరెంటుకు దారి ఉంటే కూసే అమరికలో పెట్టండి. మోటారు రెండు కొసల్లో ఒక్కొక్కదాన్నీ చట్రంతోనూ, ఆపైన ప్రతి చక్రంతోనూ కలిపి చూడండి. మీటర్ ఎక్కడా కూయకూడదు. కింది బ్రష్ రేకు తాకుతుంటే దాని కొక్కేన్ని కత్తిరించి, బూడిద రంగు వైరును ఆ రేకుకే టంకం వేసి, చట్రం మీద వేడిని తట్టుకునే కాప్టాన్ టేపు అతికించండి. మామూలు కరెంటు టేపు వద్దు, వేడికి దాని జిగురు కరిగి జారిపోతుంది. తర్వాత మోటారును చట్రంలో బిగించి మళ్లీ కొలవండి. నన్ను ముంచింది ఈ రెండో కొలతే. విడిగా ఉన్నప్పుడు మూగగా ఉన్న మీటర్, స్క్రూ తిప్పగానే కూసేది. ఆ స్క్రూ మోటారు ఒంటిని తాకుతోంది. ప్లాస్టిక్ స్క్రూ వేశాక నోరు మూసింది.

మరో కొలత కూడా కావాలి. మోటారుకు పన్నెండు వోల్టుల డీసీ ఇచ్చి, ఫ్లైవీల్‌ను (మోటారు ఇరుసు మీది బరువైన చక్రాన్ని) వేలితో ఒక్క క్షణం ఆపి, అది ఎంత కరెంటు లాగుతుందో చూడండి. పాత మోటార్లు ఒక ఆంపియర్ దాటడం మామూలే. అంకె మీ డీకోడర్ సామర్థ్యాన్ని మించితే మోటారు మార్చండి, లేదా పెద్ద డీకోడర్ తీసుకోండి.

దీపాల గురించి ఎక్కువ చెప్పను. నీలం వైరు రెంటికీ ఉమ్మడి ప్లస్, తెలుపు ముందు దీపానికి, పసుపు వెనక దీపానికి. ఎల్‌ఈడీ అయితే వెయ్యి ఓంల రెసిస్టర్ తప్పనిసరి.

అన్నీ కలిపాక ఇంజిన్‌ను నేరుగా ప్రధాన మార్గం మీద పెట్టకండి. ప్రోగ్రామింగ్ పట్టా (డీకోడర్ అమరికలు చదివి మార్చే విడి పట్టా) మీద కరెంటు తక్కువ కాబట్టి, తప్పున్నా డీకోడర్ సాధారణంగా బతుకుతుంది. అక్కడ సీవీ1 (డీకోడర్‌లో ఇంజిన్ చిరునామా ఉండే అమరిక) చదవండి. కొత్త డీకోడర్ అయితే 3 రావాలి. డీకోడర్ జవాబు చెప్పేది మోటారును ఒక్క కుదుపు కుదిపే కనుక, ఇంజిన్ ఉలిక్కిపడి 3 చూపిందంటే పట్టా వైర్లూ మోటారు వైర్లూ రెండూ అందుతున్నట్లే. జవాబు రాకపోతే ఇంజిన్ దింపి మళ్లీ మీటర్ పట్టుకోండి.

ఇంజిన్ వెనక్కి వెళ్తూ ముందు దీపం వెలిగితే నారింజ, బూడిద రంగు వైర్లను తారుమారు చేస్తే సరి. ఇంజిన్ దిశ, దీపాలు రెండూ తిరగబడితే సీవీ29 అనే అమరిక విలువకు 1 కలపండి. అది 6 ఉంటే 7 చేయండి, టంకం జోలికి వెళ్లనక్కర్లేదు.

మీటర్ ఏ చక్రం దగ్గర కూసిందో మాత్రం తప్పక రాయండి.