క్రోషేని ఎందుకు వదులుకున్నారు? వయసు కాదు, సర్వీస్ టైమ్ చూడండి

2024 డిసెంబర్‌లో అమెరికా బేస్‌బాల్ జట్టు చికాగో వైట్ సాక్స్ తన పిచర్ (బంతి విసిరే ఆటగాడు) గారెట్ క్రోషేని బోస్టన్ రెడ్ సాక్స్‌కు ట్రేడ్ చేసింది, అంటే అతన్నిచ్చి వేరే ఆటగాళ్లను తీసుకుంది. "జట్టును కొత్తగా కట్టుకుంటూ 25 ఏళ్ల పిచర్‌ని ట్రేడ్ చేయడమేంటి" అన్నారు కదా, లెక్క తప్పుతున్నది ఆ వయసు దగ్గరే.

1. మేజర్ లీగ్‌లో (అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ లీగ్) ఉన్న రోజుల లెక్కే సర్వీస్ టైమ్; 172 రోజులుంటే ఒక సర్వీస్ ఏడాది. అలాంటివి ఆరు నిండితే ఫ్రీ ఏజెంట్, అంటే ఆటగాడు నచ్చిన జట్టుకు వెళ్లొచ్చు.

2. చాలామంది మర్చిపోయేది: గాయాల జాబితాలో గడిపిన రోజులూ లెక్కకొస్తాయి. క్రోషే మోచేతి ఆపరేషన్ వల్ల 2022 సీజన్ మొత్తం ఒక్క బంతీ వేయలేదు, అయినా ఆ ఏడాది లెక్కలో పడిపోయింది, అందుకే 2024 డిసెంబర్ నాటికి అతని మీద వైట్ సాక్స్‌కు హక్కు మిగిలింది రెండు సీజన్లకే.

3. ఆ ఏడాదే 121 మ్యాచ్‌లు ఓడిన జట్టు రెండేళ్లలో పైకి రావడం కష్టం. బోస్టన్ నుంచి కైల్ టీల్ సహా నలుగురు కుర్రాళ్లను తీసుకున్నారు, ఒక్కరూ అప్పటికి మేజర్ లీగ్ ఆడలేదు. అభిమానిగా బాధే, కానీ సరైన పనే చేశారు.

ఏ ఆటగాడినైనా అంచనా వేసేటప్పుడు వయసు కొట్టేసి, జట్టుకు అతని మీద మిగిలిన ఏళ్లు రాసి చూడండి.