విడిపోయే గెహాక్ట్‌బాల్

ప్రశ్న: నెదర్లాండ్స్ వాళ్ల మాంసపు ఉండలు, గెహాక్ట్‌బాల్, పెనం మీద విడిపోతున్నాయి. విడిపోనివేమో గట్టిగా ఉంటున్నాయి. లోపం ఎక్కడ?

జవాబు: విడిపోవడానికి కారణం తొందర. అడుగున గోధుమరంగు పొర కట్టకముందే తిప్పితే ఉండ పెనానికి అంటుకుని చీలుతుంది. ఇక గట్టిదనం కొవ్వు తక్కువైన ఖీమా వల్ల, అతిగా పిసకడం వల్ల వస్తుంది. అక్కడ గొడ్డుమాంసం, పంది మాంసం చెరిసగం కలిపేది అందుకే. పంది కొవ్వే మెత్తదనం.

అర కిలో ఖీమాకు ఒక గుడ్డు, 3 చెంచాల పాలలో నానిన 2 రస్కుల పొడి, చెంచాడు ఆవ ముద్ద, చెంచాడు ఉప్పు, మిరియాలు, పావు చెంచా జాజికాయ పొడి. జాజికాయ మానేస్తే ఆ రుచే రాదు. కలిసేదాకా కలిపి ఆపేయండి. 5 ఉండలు చేసి అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి.

75 గ్రాముల వెన్న నురగ తగ్గాక ఉండలు వేసి, అన్నివైపులా 10 నిమిషాలు ఎర్రగా వేపండి. వెన్న నల్లబడితే పులుసు చేదే. 200 మి.లీ. వేడినీళ్లు పోసి, మూత ఓరగా పెట్టి, సన్నసెగ మీద అరగంట ఉంచండి. మిగిలిన పులుసు ఉడికించిన బంగాళాదుంపల మీదికి.