డిప్యూటీ తహసీల్దారుగా చేరబోతున్న మా మేనకోడలికి

బుజ్జీ,

నీకు సీతంపేట ఏజెన్సీలో పోస్టింగు వచ్చిందని మీ అమ్మ ఫోనులో చెప్పగానే వీధిలో కనపడిన వాళ్లందరికీ చెప్పుకున్నాను, ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. గ్రూప్‌-2 కొట్టడం వేరు, ఇంత చిన్నపిల్లవి ఆ కుర్చీలో కూర్చుని తాత వయసువాళ్ల చేత దణ్ణాలు పెట్టించుకోవడం వేరు. నా జుట్టు రెవెన్యూలోనే నెరిసింది కాబట్టి నాలుగు ముక్కలు రాయకుండా ఉండలేను. విసుక్కుంటూ అయినా సరే, చివరిదాకా చదువు.

తెలిసిన సంగతులు ముందే కానిచ్చేస్తా. టైముకి వెళ్లు, ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకు, చదవకుండా సంతకం పెట్టకు. అటెండరు నీకంటే పెద్దవాడైతే గారు అని పిలువు. సీనియర్ అసిస్టెంటు ఎవరో ఒకరు ‘మీకు తెలీదమ్మా’ అంటారు, తప్పకుండా అంటారు. నిజంగా తెలియకపోతే నేర్పమని అడుగు, తెలిస్తే రూలు చూపించు, గొంతు మాత్రం పెంచకు.

ఊళ్లలోంచి వచ్చేవాళ్లు గుమ్మం బయటే చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడతారు. అది నీ మీద గౌరవం అనుకునేవు. 1984లో కరణాల్ని, మునసబుల్ని తీసేసేదాకా మీ తాత ప్రతి కాగితానికీ కరణంగారి ఇంటికే వెళ్లేవాడు. అరుగు ఎక్కేవాడు కాదు. తలపాగా విప్పి చంకలో పెట్టుకుని కింద మట్టిలో నిలబడితే, ఆయన భోజనం చేసి, కునుకు తీసి లేచాక ‘ఏంట్రా’ అని అడిగేవాడు. అది భయం. మండలాలు వచ్చాయి, ఆఫీసులు వచ్చాయి, ఇప్పుడు అన్నీ కంప్యూటర్లోనే, అయినా ఆ నిలబడడం పోలేదు. కాబట్టి నీ గదిలో రెండు కుర్చీలు ఎక్కువ వేయించు, కూర్చున్నాకే మాట్లాడమను. కొందరు కూర్చోరు, బలవంతం చెయ్యకు, అదీ ఇబ్బందే వాళ్లకి. మన వైపు కొండ మీదవాళ్లు, పల్లెల్లో ముసలివాళ్లు నిన్ను ‘నువ్వు’ అనే అంటారు. అది వాళ్ల మాట తీరు, అందులో చులకన ఏమీ ఉండదు. తిరిగి నువ్వు మాత్రం అలా అనకు. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు ఆటో అతన్ని ‘ఏయ్’ అని పిలిచావు, నేను విన్నాను. నలుగురిలో ఎందుకులే అని ఊరుకున్నాను, ఇప్పుడు చెప్తున్నా. ఇంకోటి, మనిషి మాట్లాడుతుంటే ఫోను చూస్తూ ఊఁ కొడతావు. మేమంటే ఇంట్లోవాళ్లం, సరిపెట్టుకుంటాం. సోమవారం గ్రీవెన్సులో అర్జీ ఇవ్వడానికి రెండు బస్సులు మారి వచ్చినవాడు ఎందుకు సరిపెట్టుకోవాలి?

తిడుతున్నానని ముఖం మాడ్చుకోకు, అసలు విషయం ఇప్పుడు చెప్తున్నా.

నేను జూనియర్ అసిస్టెంటుగా ఉన్న రోజుల్లో నాగావళి ఒడ్డు మండలంలో ఒక ఆఫీసరు దగ్గర పనిచేశాను. అంత మెత్తని మనిషిని మళ్లీ చూడలేదు. పైసా ముట్టేవాడు కాదు. ముసలివాళ్లు వస్తే లేచి ఎదురెళ్లి భుజం మీద చెయ్యేసి లోపలికి తీసుకొచ్చేవాడు, టీ తెప్పించేవాడు. ఆఫీసరంటే ఇలా ఉండాలి అని మేమందరం అనుకునేవాళ్లం. ఆయన దగ్గరికి ఒక ముసలాయన వచ్చేవాడు. ఈయన సాగులో ఉన్న భూమి తమ్ముడి కొడుకు పేరు మీదికి ఎక్కింది, పాస్‌బుక్కు కూడా వాడికే వచ్చింది. ఆఫీసరుగారు అంతా ఓపిగ్గా వినేవాడు, ‘తాతా, నేను చూస్తాను కదా, వచ్చే వారం రా’ అనేవాడు. ముసలాయన ఉతికిన పంచె కట్టుకుని, ఆ రోజు కూలి వదులుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని మళ్లీ వచ్చేవాడు. మళ్లీ భుజం మీద చెయ్యి, మళ్లీ టీ, మళ్లీ వచ్చే వారం. ఒకసారి గుమ్మడికాయ తెస్తే ‘నీ దగ్గర తీసుకోవడమా తాతా’ అని చేతికే తిరిగి ఇచ్చి పంపాడు. ఆ మాట మేం ఎన్నాళ్లు చెప్పుకున్నామో.

ఆ పని ఆయన చేతిలో లేదు బుజ్జీ. ఆర్డరు ఒకసారి అయిపోయాక తహసీల్దారు దాన్ని మార్చలేడు, ఆర్డీవో దగ్గర అప్పీలు వేసుకోవాలి, దానికి గడువు ఉంటుంది. ఇది ఆయనకి మొదటి రోజే తెలుసు. ‘నా వల్ల కాదు, ఫలానా చోటికి వెళ్లు’ అని అంటే ముసలాయన ముఖం చిన్నబోతుంది, అది చూడలేడు. పైగా ‘దేవుడివి బాబూ’ అని వాళ్లు అంటుంటే వినడం అలవాటైపోయింది. అలా నెలలు గడిచాయి, ఆయనకి బదిలీ అయింది. తర్వాత వచ్చినాయన నోరు మంచిది కాదు, అందరి మీదా కసురుకునేవాడు. కాగితం చూసి, ‘ఇది ఇక్కడయ్యే పని కాదయ్యా, అప్పీలుకెళ్లాలి, గడువు కూడా దాటిపోయింది, ఆలస్యం ఎందుకైందో రాసి పెట్టుకో’ అని ఒక్క నిమిషంలో తేల్చేశాడు. ముసలాయన కోపం కూడా తెచ్చుకోలేదు. ‘ఈ మాట ముందే సెప్తే సరిపోను కదా బాబూ’ అన్నాడు, అంతే. తర్వాత ఏమైందో నాకు తెలీదు, ఈలోగా నన్నూ ఇంకో మండలానికి వేశారు.

కసురుకునేవాడే నయం అని చెప్పట్లేదు, ఆయన వల్ల ఏడ్చినవాళ్లనీ చూశాను. కానీ మెత్తగా మాట్లాడడం నీకు పుట్టుకతోనే వచ్చింది, ఎవర్నీ నొప్పించలేవు, అదే నా టెన్షన్. కాని పని అయితే అదే రోజు కాదని చెప్పు, ఎక్కడ అవుతుందో చెప్పు, నోటితో చెప్పి వదిలెయ్యకుండా కారణం కాగితం మీద రాసి, ఆ జవాబు కాగితం (ఎండార్స్‌మెంటు) చేతికివ్వు. అయ్యే పనైతే నిజంగా అయ్యే తేదీ చెప్పు. వాళ్ల రోజుకి కూడా నీ రోజంత విలువ ఉందని అప్పుడే వాళ్లకి తెలుస్తుంది.

ఇంకొక మాట, నువ్వు వెళ్లే చోట సవర గిరిజనులు ఎక్కువ, వాళ్ల భాష వేరే. ఆడవాళ్లలో కొందరు తెలుగు తడుముకుంటూ మాట్లాడతారు, మధ్యలో ఎవరో దూరి వాళ్ల తరపున చెప్పేస్తుంటాడు, వాడి మాట మీద ఫైలు నడపకు. గిడుగు రామమూర్తి పంతులుగారు మన శ్రీముఖలింగం పక్క ఊళ్లో పుట్టినాయనే. సవర నేర్చుకోవాలని కొండలెక్కి, జ్వరానికి క్వినైన్ వాడి చెవుడు తెచ్చుకున్నాడాయన. 1931లో సవర భాషకి పుస్తకం వేయించాడు. నిన్ను అంత చెయ్యమనట్లేదు. కూర్చోండి, తిన్నారా, ఎప్పుడు రావాలి, ఈ మాటలైనా ఆఫీసులో సవర తెలిసినవాళ్ల దగ్గర మొదటి నెలలోనే నేర్చుకో.

చివరిది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. 2019 నవంబరులో హైదరాబాదు దగ్గర అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఒక మహిళా తహసీల్దారుని ఆఫీసు గదిలోనే పెట్రోలు పోసి తగలబెట్టారు. అప్పటికి నేను రిటైరైపోయాను, అయినా చాలా రోజులు తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేదాన్ని. ఆవిడ ఏదో చేసి ఉంటుందిలే అనేవాళ్లు ఎదురైతే వాళ్లతో మాట్లాడడం మానెయ్యి. నీ టేబులు గుమ్మానికి ఎదురుగా వేయించు, తలుపు తెరిచే ఉంచు, అటెండరుని పిలుపు దూరంలో ఉండమను, చీకటి పడ్డాక ఒక్కదానివీ ఫైళ్లు పట్టుకుని కూర్చోకు. భయపడి మాత్రం వచ్చినవాళ్లని గుమ్మం బయట నిలబెట్టకు. ఈ రెండూ ఒకదానితో ఒకటి కుదిరే మాటలో కాదో, పోలీసులు ఏం చెప్తారో నాకు తెలీదు, మీ అత్తగా రెండూ చెప్తున్నా.

చేరిన రోజు జాయినింగ్ రిపోర్టు ఇంకో కాపీ తీసి నీ దగ్గర పెట్టుకో, సర్వీసు రిజిస్టరులో ఎంట్రీ పడిందో లేదో నువ్వే చూసుకో. దోమతెర మర్చిపోకు. ఆదివారం ఫోను చెయ్యి, మీ మామయ్య కూడా ఎదురుచూస్తుంటారు.

మీ అత్త