సైగాన్‌లో కాపురం పెట్టేవారికి

వియత్నాంలోని హోచిమిన్ సిటీకి (సైగాన్ దాని పాత పేరే) ఉద్యోగం మీద వస్తున్న మనవాళ్లు ముందుగా అడిగేది రోడ్డు దాటడం గురించే. ఆ మోటారు సైకిళ్ల వరదను వీడియోల్లో చూసి బెంబేలెత్తి ఉంటారు. బండ్లు ఆగేదాకా వేచి ఉంటే సాయంత్రమవుతుంది. పరుగెత్తకుండా, వెనకడుగు వేయకుండా ఒకే నడకతో వెళ్లండి, వాళ్లే మిమ్మల్ని తప్పించుకుని పోతారు. మధ్యలో తటపటాయిస్తేనే ప్రమాదం. కార్లు, బస్సులు మాత్రం అలా తప్పుకోలేవు, వాటిని పోనివ్వండి. ఇక్కడ వాహనాలు కుడిపక్కన నడుస్తాయి కనుక ముందు ఎడమవైపు చూడాలి. కోఠీలో తిరిగినవారికి ఇది పెద్ద విద్యేమీ కాదు.

సొంత బండి మాత్రం మొదట్లో వద్దంటాను. అభ్యంతరమల్లా కాగితాలతోనే. మన రవాణా శాఖ ఇచ్చే అంతర్జాతీయ లైసెన్సు 1949 నాటి జెనీవా ఒప్పందం కింద ఇచ్చేది. వియత్నాం గుర్తించేది 1968 నాటి వియన్నా ఒప్పందం కిందిదాన్ని. కాబట్టి మీ చేతిలో ఆ లైసెన్సు పుస్తకం ఉన్నా ఇక్కడ చెల్లదు. బండి అద్దెకిచ్చేవాళ్లు దాన్ని అడగరు, ప్రమాదం జరిగాక బీమావాళ్లు అడుగుతారు. నివాస పత్రం వచ్చాక స్థానిక లైసెన్సు తీసుకోండి. ఒక్క బీరు తాగి నడిపినా ఇక్కడ నేరమే. 2025 జనవరి నుంచి సిగ్నల్ దాటినవారికీ, బండితో కాలిబాట ఎక్కినవారికీ జరిమానాలు బాగా పెంచారు. లైసెన్సు వచ్చేదాకా ఫోన్ యాప్‌లో పిలిచే గ్రాబ్ బైకు వెనక కూర్చుంటే సరిపోతుంది, హెల్మెట్ వాళ్లే ఇస్తారు. ఆఫీసు తూర్పు వైపైతే 2024 డిసెంబరులో మొదలైన మెట్రో దారి వెంట ఇల్లు వెతకండి.

ఇల్లనగానే మనవాళ్లు ఎత్తైన అపార్ట్‌మెంట్లకే పోతారు. చిన్నపిల్లలుంటే సరే. పెళ్లికాని కుర్రవాళ్లకు నేను సందుల్లోని గదులే చెబుతాను. అక్కడ అద్దె తక్కువ, గుమ్మం ముందే కాఫీ, నాలుగు ముక్కల వియత్నామీ భాష దానంతటదే వస్తుంది. సందు చిరునామా చదవడం తెలుసుకోవాలి: 245/12/3 అంటే 245 దగ్గర మొదలయ్యే సందులో, 12 దగ్గర చీలే చిన్న సందులో 3వ ఇల్లు. 2025 జూలైలో నగరంలోని జిల్లాలను రద్దు చేసినా జనం ఇంకా ఒకటో జిల్లా, ఏడో జిల్లా అనే అంటారు, మీరూ అలాగే చెప్పండి. సందుల్లో రాత్రి కరోకే పాటల పోరు తప్పదు. పాట ఎంత శ్రుతి తప్పినా మైకు గట్టిగానే ఉంటుంది! మే నుంచి నవంబరు దాకా వానలు. వానకు నది పోటు తోడైతే కొన్ని వీధుల్లో మోకాలి లోతు నీళ్లు, అందుకే కింది అంతస్తు తీసుకునేముందు ఇరుగుపొరుగును అడగండి. మీ పేరు స్థానిక పోలీసుల దగ్గర నమోదు చేయించడం ఇంటి యజమాని బాధ్యత. చేయించారో లేదో మీరే కనుక్కోండి, రేపు వీసా పొడిగింపుకు అది కావాలి.

శాకాహారులకు అసలు చిక్కు చేపల సాస్. మాంసం వద్దంటే ముక్కలు తీసేసి, అదే పులుసు పోస్తారు. సి, హెచ్, ఎ, వై అక్షరాల బోర్డున్న హోటల్ చూసుకోండి, అది శుద్ధ శాకాహారం. చాంద్రమాన మాసంలో ఒకటో తేదీ, పదిహేనో తేదీ బౌద్ధులు చాలామంది మాంసం ముట్టరు కనుక ఆ రోజుల్లో అలాంటి భోజనం సులువుగా దొరుకుతుంది. ఇంట్లో వండుకుంటే ఇక దిగులే లేదు. బచ్చలి, తూటికూర, కాకర, బెండ, మునగాకు, చింతపండు అన్నీ ఇక్కడివాళ్లూ తినేవే. కందిపప్పుకూ ఇంగువకూ మాత్రం భారతీయ దుకాణానికి వెళ్లాలి.

డబ్బు ఇచ్చేటప్పుడు తొందర వద్దు. 20,000 డాంగ్ నోటు, 5,00,000 నోటు రెండూ నీలి రంగే, మసక వెలుతురులో ఒకటిగానే కనిపిస్తాయి. పెద్ద నోట్లు పర్సులో వేరే అరలో పెట్టుకోండి.

గుడి కావాలంటే బెన్ థాన్ మార్కెట్ దగ్గర తమిళ వ్యాపారులు కట్టించిన మారియమ్మన్ కోవెల ఉంది. అక్కడ మొక్కుకునేవారిలో వియత్నామీలే ఎక్కువ.

వియత్నామీల కొత్త సంవత్సరం టెట్ పండుగ జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వస్తుంది. వారం రోజులు మార్కెట్లు మూసేస్తారు, టికెట్ల ధరలు మండిపోతాయి. ఇండియా వెళ్లాలంటే చాలా ముందే కొనండి, ఉండిపోతే సరుకులు నింపుకోండి. కాపలాదారుకూ పనిమనిషికీ ఎర్ర కవరులో కొత్త నోట్లు ఇవ్వడం ఆనవాయితీ. చివరి వారంలో కొత్త నోట్లకు గిరాకీ ఎక్కువ కనుక బ్యాంకులో ముందే మార్చుకోండి.