తజ్వీద్ ఎక్కడ మొదలుపెట్టాలి?

అరబీ అక్షరాలు వచ్చాయి, ఇక తజ్వీద్ (ఖురాన్‌ను సరిగ్గా పఠించే పద్ధతి) నియమాలు ఏ వరుసలో నేర్చుకోవాలని అడిగారు.

ముందు పలుకు సరిచేసుకోండి. అక్షరం నోట్లో ఎక్కడ పుడుతుందో ఆ చోటే మఖ్రజ్. ఖాఫ్‌కి నాలుక వెనక భాగం గొంతు వైపు అంగిలిని తాకాలి, కాఫ్‌కి కాస్త ముందు. తేడా చిన్నదే, కానీ ఖల్బ్ అంటే గుండె, కల్బ్ అంటే కుక్క! ఉర్దూ అలవాటున్న ఇళ్లలో సీన్, సాద్, సా మూడూ ఒకే 'స' అయిపోతాయి. తెలుగు లిపిలో రాసుకుని చదివినా అంతే, అందుకే దాన్ని త్వరగా వదిలేయడం మంచిది.

తర్వాత నూన్ సాకిన్. అచ్చు లేని నూన్ పక్కన వచ్చే అక్షరాన్ని బట్టి మారుతుంది. 28 అక్షరాల్లో 6 ముందు స్పష్టంగా పలుకుతాం, 6 ముందు కలిసిపోతుంది, 15 ముందు సగం దాగుతుంది. మిగిలిన 'బ' ముందు మకారం అవుతుంది: 'మిన్ బఅద్' రాసి 'మిమ్ బఅద్' అంటాం. మన సంధుల్లాంటిదే, టెన్షన్ వద్దు.

మద్ అంటే సాగదీత. మామూలుగా 2 మాత్రలు, ఖురాన్ మొదటి సూరా (అధ్యాయం) ఫాతిహా చివరి 'వలద్దాల్లీన్'లో 'దా' దగ్గర 6.

ఖల్‌ఖలా అంటే అచ్చు లేని కొన్ని అక్షరాలను చిన్నగా ఎగిరిపడేలా పలకడం. దానికి ఇఖ్లాస్ సూరా పట్టుకోండి. నాలుగు ఆయతులూ (వాక్యాలూ) దాల్‌తోనే ముగుస్తాయి. 'అహద్' దగ్గర ఆగినప్పుడు దాల్ చిన్నగా ఎగిరిపడాలి, 'అహదు' మాత్రం కాకూడదు.

పేర్లు బట్టీ పట్టకండి. రోజూ పావుగంట ఉస్తాద్‌కి వినిపించి దిద్దించుకోండి. మన తప్పు మన చెవికి దొరకదు.