డిగ్రీలో మాక్రో ఎకనామిక్స్ బట్టీ పట్టకుండా చదవడం ఎలా?

మైక్రోలో మంచి మార్కులే వచ్చాయి, మాక్రోలో ఐఎస్-ఎల్ఎం (ఆదాయం, వడ్డీ రేటు కలిసి ఎలా నిర్ణయమవుతాయో చూపే నమూనా) దగ్గరికి వచ్చేసరికి బుర్ర తిరుగుతోంది, గ్రాఫులు బట్టీ పట్టక తప్పదా అని అడిగారు. నేనూ రెండో ఏడాదిలో గ్రాఫులన్నీ బట్టీ పట్టినవాణ్ణే. ప్రశ్న కాస్త తిప్పి అడిగితే చాలు, పెన్ను కదిలేది కాదు.

చిక్కు ఎక్కడుందో ఒక ఇంటర్నల్ పరీక్షలో తెలిసింది. "దిగుమతులు పెరిగితే జీడీపీ ఏమవుతుంది?" అని ఇచ్చారు. సమీకరణం నాకు కంఠతా వచ్చు: వినియోగం, పెట్టుబడి, ప్రభుత్వ వ్యయం, ఎగుమతులు కలిపి, దిగుమతులు తీసేయాలి. మైనస్ ఉంది కాబట్టి జీడీపీ తగ్గుతుందని అర పేజీ రాసేశాను. మా సార్ మార్జిన్‌లో పెన్సిల్‌తో ఒక్క ముక్క రాశారు: "ఆ వస్తువు కొన్నవాడి ఖర్చు ఎక్కడ కలిపావు?"

కాసేపు దానివైపే చూస్తూ కూర్చున్నాక వెలిగింది. విదేశంలో తయారైన 100 విలువ చేసే వస్తువు ఎవరో కొంటే వినియోగంలో 100 చేరుతుంది. అది ఇక్కడి ఉత్పత్తి కాదు కాబట్టి అదే 100 దిగుమతుల కింద తీసేస్తున్నాం. నికరంగా సున్నా. ఆ మైనస్ లెక్క సరిచేయడానికే తప్ప దిగుమతులు నష్టమని చెప్పడానికి కాదు. జనం స్వదేశీ వస్తువు మానేసి విదేశీది కొంటే జీడీపీ తగ్గొచ్చు. కానీ అది జనం ఎలా ప్రవర్తిస్తారన్న విషయం, సమీకరణం ఆ సంగతి చెప్పదు. (టీవీ చర్చల్లో ఈ పొరపాటు విన్నప్పుడల్లా నా అర పేజీ గుర్తొస్తుంది.)

ఆ రోజు నుంచి ప్రతి సమీకరణం పక్కనా 'లెక్క' అనో 'ప్రవర్తన' అనో రాసుకోవడం మొదలుపెట్టాను. ప్రభుత్వం, విదేశీ వ్యాపారం లేని నమూనాలో పొదుపు పెట్టుబడికి సమానం: ఇది లెక్క, ఎప్పుడూ నిజమే. ఆదాయం పెరిగితే వినియోగం పెరుగుతుంది: ఇది ప్రవర్తన, ఎంత పెరుగుతుందన్నది మారొచ్చు. 1958లో ఫిలిప్స్ అనే ఆర్థికవేత్త బ్రిటన్‌లో 1861 నుంచి 1957 దాకా వేతనాల పెరుగుదలనూ నిరుద్యోగాన్నీ పక్కపక్కన పెట్టి గీసిన రేఖను (నిరుద్యోగం తగ్గితే వేతనాలు వేగంగా పెరుగుతాయని చూపేది) చాలామంది లెక్కలాగే తీసుకున్నారు. జనం ద్రవ్యోల్బణాన్ని ముందే ఊహించడం మొదలుపెడితే ఆ సంబంధం నిలవదని ఫ్రీడ్‌మన్, ఫెల్ప్స్ అనే ఆర్థికవేత్తలు 1960ల చివర్లోనే హెచ్చరించారు. 1970ల్లో చాలా దేశాల్లో నిరుద్యోగం, ద్రవ్యోల్బణం రెండూ కలిసి పెరిగాయి.

ఇక ఐఎస్-ఎల్ఎం. దానికి ముందు గుణకం, అంటే ఖర్చు పెరిగితే ఆదాయం దానికి ఎన్ని రెట్లు పెరుగుతుందో, చేత్తో వేయండి. ఉపాంత వినియోగ ప్రవృత్తి (అదనంగా వచ్చిన ఆదాయంలో ఖర్చుపెట్టే వంతు) 0.8 అనుకుందాం. ప్రభుత్వం 100 అదనంగా ఖర్చుపెడితే అది ఒకరి ఆదాయం. వాళ్లు 80 ఖర్చుపెడతారు, అది అందుకున్నవాళ్లు 64, ఆ తర్వాత 51.2. ఇలా కలుపుకుంటూ పోతే 500కి చేరుతుంది, అంటే గుణకం 5. అయితే ఇక్కడ చాలా వాటిని కట్టేసి ఉంచాం: పన్నులు, దిగుమతులు లేవు, ధరలు కదలవు, వడ్డీ రేటూ కదలదు.

ఐఎస్-ఎల్ఎం అంటే వడ్డీ రేటుకు కట్టిన కట్టు విప్పడమే. ఆదాయం పెరిగితే లావాదేవీలకు జనానికి ఎక్కువ డబ్బు కావాలి. డబ్బు సరఫరా మారలేదు కాబట్టి వడ్డీ రేటు పెరుగుతుంది, దాంతో కొంత పెట్టుబడి ఆగిపోతుంది. అందుకే ఆదాయం 500 దాకా పెరగదు. తర్వాత వచ్చే సమగ్ర డిమాండ్, సప్లై పాఠంలో ధరల కట్టు కూడా విప్పుతారు. ఇది పట్టుకున్నాక సిలబస్‌లో ఏ పాఠం ఎందుకుందో నాకు కనిపించడం మొదలైంది.

రేఖ జరుగుతుందా, రేఖ మీదే కదులుతామా అన్న తికమకకు మా సీనియర్ చెప్పిన చిట్కా ఒకటే: మారింది అక్షం మీదున్న అంశమైతే రేఖ మీదే కదలిక, కాకపోతే రేఖే జరుగుతుంది. గణితం గురించి బెంగ పెట్టుకోకండి, డిగ్రీ స్థాయికి మామూలు ఆల్జీబ్రా చాలావరకు సరిపోతుంది.

ఈ రాత్రికి పుస్తకం మూసేసి, ప్రభుత్వ వ్యయం తగ్గితే ఏమవుతుందో గ్రాఫు లేకుండా మాటల్లో రాయండి. చివర్లో వడ్డీ రేటు పెరిగినట్టు వస్తే డబ్బు డిమాండ్ దగ్గరే ఎక్కడో జారారన్నమాట. మళ్లీ అక్కడి నుంచే రాయండి.