64 జీబీ ర్యామ్ వేసినా సిస్టమ్ నత్తనడకేనా, అమ్మడూ?

అమ్మడూ,

నిన్న ఫోన్లో నీ గొంతు విని మనసు చివుక్కుమంది. పెళ్ళిళ్ళ ఆల్బమ్‌లు చేతి నిండా పెట్టుకుని, అప్పు తెచ్చి 32 జీబీ ర్యామ్‌ను (పని జరుగుతున్నంతసేపు కంప్యూటర్ వాడుకునే తాత్కాలిక మెమరీని) 64 చేయించావు. తీరా సిస్టమ్ మునుపటికంటే నెమ్మదించింది. సర్వీసు కుర్రాడు ఫార్మాట్ కొట్టేద్దామన్నాడట. అప్పుడే వద్దు.

ముందు ఒరిజినల్ ఫొటోలన్నీ ఇంకో డిస్కులోకి కాపీ చెయ్యి. ర్యామ్‌లో లోపం ఉంటే సిస్టమ్ హ్యాంగ్ కావడమే కాదు, సేవ్ చేసిన ఫైళ్ళు కూడా చడీచప్పుడు లేకుండా పాడవుతాయి. తలంబ్రాల ఫొటో మళ్ళీ తీయలేం కదా!

కాపీ అయ్యాక, ఆల్బమ్ పని జరుగుతూ సిస్టమ్ మొరాయించే సమయంలోనే విండోస్‌లోని టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ చూడు. నీ 12 బై 36 అంగుళాల షీటు 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, 3600 బై 10800 పిక్సెళ్ళు. ఫొటోషాప్‌లో మామూలు 8 బిట్ల రంగులో ఒక నిండు లేయరు (ఒకదానిపై ఒకటి పేర్చే పొర) సుమారు 110 ఎంబీ. ఇరవై లేయర్లేసినా రెండు జీబీ చిల్లర. వెనక్కి వెళ్ళడానికి దాచుకునే హిస్టరీ, తెరిచి ఉంచిన మిగతా ఫైళ్ళు కలుపుకున్నా వాడకం 30 జీబీ దగ్గరే ఆగిపోతే, మరో 64 వేసినా నీకు ఒరిగేదేమీ లేదు. అప్పుడు పక్కనున్న డిస్క్ మీద నొక్కు. అది 100 శాతం దగ్గర అతుక్కుపోయి ఉంటే పని ఆగుతున్నది అక్కడే.

ర్యామ్ పెంచితే డిస్కుకేం సంబంధం అంటావేమో, ఉంది. పనిని ఉన్నదున్నట్టు డిస్కులో దాచి కంప్యూటర్ ఆగిపోయే హైబర్నేషన్ కోసం విండోస్ సి డ్రైవ్‌లో దాచుకునే ఫైలు మామూలుగా ర్యామ్‌లో 40 శాతం దాకా ఉంటుంది. 32 ఉన్నప్పుడు 13 జీబీ లోపే, ఇప్పుడు 25 దాటుతుంది. ర్యామ్ చాలనప్పుడు ఫొటోషాప్ వాడుకునే స్క్రాచ్ డిస్కు కూడా సి లోనే పెట్టుకున్నావు. చిన్న ఎస్ఎస్‌డీ (చిప్పులతో నడిచే వేగమైన డిస్కు) అంచుదాకా నిండితే రాత వేగం పడిపోతుంది. హైబర్నేషన్ ఆపేయించు, స్క్రాచ్‌ను ఖాళీ ఉన్న వేరే ఎస్ఎస్‌డీకి మార్చు. ర్యామ్‌కు తోడుగా విండోస్ డిస్కులో ఉంచుకునే పేజింగ్ ఫైలు మాత్రం తీసేయకు, ఎవరు చెప్పినా సరే.

ఇక కొత్త ర్యామ్ స్టిక్కుల సంగతి. పాత రెండింటి పక్కన వేరే కంపెనీవి రెండు పెట్టించావు. వేగాలు కలవకపోతే అన్నీ తక్కువదాని వేగానికే దిగుతాయి. నీది డీడీఆర్5 రకం ర్యామ్ కాబట్టి మరీ జాగ్రత్త. నాలుగు స్లాట్లూ నింపితే 5600 వేగం అని కొన్న ర్యామ్ 3600కి దిగడం చాలా మదర్‌బోర్డుల్లో ఉన్నదే. మెమరీ పేజీలో స్పీడ్ అనే అంకె చూస్తే తేలిపోతుంది. అక్కడే హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్ అన్నచోట కొన్ని జీబీలు కనిపిస్తే, స్టిక్కు సరిగా కూర్చోలేదేమో చూడాలి. లేదా ఎవరో విండోస్ సెట్టింగులు మార్చే ఎంఎస్ కాన్ఫిగ్‌లో మ్యాగ్జిమమ్ మెమరీ టిక్కు పెట్టి ఉంటారు, తీసేయ్.

మా కాలంలో ఇంతకంటే వింత చూశాం. 430టిఎక్స్ చిప్‌సెట్ బోర్డులు 64 ఎంబీ ర్యామ్ దాకానే క్యాష్ (ర్యామ్‌కంటే వేగమైన చిన్న మెమరీ) అందించేవి. 128 వేస్తే పైసగానికి క్యాష్ అందేది కాదు. విండోస్ 98 ర్యామ్‌ను పైనుంచి వాడుకుంటూ వచ్చేది కాబట్టి డబ్బు పోసి కొన్న ర్యామే కాళ్ళకు అడ్డం పడేది. అందుకే నీ మాట నేను వెంటనే నమ్మాను.

తేల్చుకోవడానికి ఒకటే దారి. కరెంటు పూర్తిగా తీసి, కొత్త రెండూ ఊడదీసి, పాతవి బోర్డు పుస్తకంలో చెప్పిన స్లాట్లలోనే పెట్టి ఒక రోజు పని చెయ్యి. మళ్ళీ ఆన్ చేసినప్పుడు కొన్ని నిమిషాలు తెర నల్లగా ఉంటే కంగారుపడి స్విచ్ ఆపకు. బోర్డు ర్యామ్‌ను కొలుచుకుంటోందన్నమాట. పాత వేగం తిరిగొస్తే కొత్తవి షాపువాడికిచ్చి, ఒక్కోటి 32 జీబీ చొప్పున రెండు స్టిక్కుల జత ఒకే ప్యాకెట్‌లోది తెచ్చుకో. రాకపోతే కొత్తవి మళ్ళీ పెట్టి, రాత్రికి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 నడిపించి పడుకో. 64 జీబీకి గంటలు పడుతుంది.

సేవింగ్ ఒక్కటే ఆలస్యమైతే ఫొటోషాప్ ఫైల్ హ్యాండ్లింగ్‌లో పీఎస్‌డీ (ఫొటోషాప్ ఫైలు) కంప్రెషన్, అంటే ఫైలును కుదించడం, ఆపి చూడు. ఫైలు లావవుతుంది కానీ తొందరగా తెములుతుంది.

ఆ స్పీడ్ అంకె, డిస్కు శాతం రెండూ ఫొటో తీసి నాకు పంపు. బిల్లు పారేయకు.

ఇట్లు,
మీ పెదనాన్న